తుంగతుర్తి ఎమ్మెల్యే మల్లు స్వరాజ్యం
(మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఓట్ల పండగ వచ్చిందంటే ఊళ్లోకి జీపులు వస్తాయి. మైకులు మోగుతాయి. "అమ్మా, మీ ఓటు మాకే" అని చేతులెత్తి దండం పెడతారు. ఓట్లు అయిపోతాయి. జీపులు వెళ్లిపోతాయి. గెలిచినాయన పేరు మాత్రం గోడ మీద మిగిలిపోతుంది.

'గెలిచినాయన' అనే మాట అలవాటుగా నోటికి వస్తుంది. ఎమ్మెల్యే అంటే మగవాళ్లేనా? కాదు. ఆడవాళ్లు కూడా ఎమ్మెల్యేలు అయ్యారు. వాళ్లలో ఒకామె కథ ఈ రోజు చెప్పుకుందాం. ఆమె పేరు మల్లు స్వరాజ్యం. నల్గొండ జిల్లా తుంగతుర్తి నుంచి ఆమె రెండుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు.

ఎమ్మెల్యే అంటే ఎవరు?

ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. ఊరికి సర్పంచి ఉన్నట్టే, కొన్ని మండలాలకు కలిపి ఒక ఎమ్మెల్యే ఉంటారు. తెలుగులో శాసనసభ్యులు అంటారు. శాసనం అంటే చట్టం. చట్టాలు చేసే సభ శాసనసభ. దాన్నే అసెంబ్లీ అంటారు.

భూమికి సీలింగు ఎంత ఉండాలి? కూలి ఎంత ఇవ్వాలి? సారా అమ్మాలా, వద్దా? ప్రభుత్వం డబ్బు ఏ పనికి ఎంత ఖర్చు పెట్టాలి? ఇలాంటివి ఆ సభలో మాట్లాడతారు. చట్టం కావాలంటే చెయ్యి ఎత్తి అవునో కాదో చెబుతారు. "ఈ పని ఎందుకు చెయ్యలేదు?" అని మంత్రిని అడిగే హక్కు ప్రతి ఎమ్మెల్యేకీ ఉంది. అడగడమే ఎమ్మెల్యేకు పెద్ద పని.

ఆ అడగడం స్వరాజ్యానికి చిన్నప్పుడే వచ్చింది.

దొరల ఇంటి పిల్ల

మల్లు స్వరాజ్యం 1931లో పుట్టారు. ఊరు కరివిరాల కొత్తగూడెం. అప్పట్లో అది నల్గొండ జిల్లా. 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడ్డాక ఆ జిల్లాలోకి వచ్చింది. తండ్రి భీమిరెడ్డి రామిరెడ్డి, తల్లి చొక్కమ్మ. వాళ్లు భూములున్న పెద్ద కుటుంబం.

అప్పుడు హైదరాబాదు రాజ్యాన్ని నిజాం నవాబు ఏలుతున్నాడు. ఊళ్లలో దొరలదే రాజ్యం. పేదవాళ్లు దొర ఇంట్లో, దొర పొలంలో ఊరికే పని చెయ్యాలి. కూలి లేదు. కడుపు నిండా తిండి లేదు. దాన్నే వెట్టి అంటారు. బాలింతను కూడా పొలానికి రమ్మనేవాళ్లు. బిడ్డకు పాలివ్వడానికి కూడా తీరిక ఉండేది కాదు.

ఆ రోజుల్లో ఆంధ్ర మహాసభ అనే సంఘం వెట్టి పోవాలని చెప్పేది. ఆ మాట స్వరాజ్యం చెవిన పడింది. అప్పటికి ఆమెకు పదేళ్లకు కాస్త అటూ ఇటూ. తమ ఇంట్లో పని చేసేవాళ్లకు ఆమె ధాన్యం పంచారు. ఇంటి పెద్దలకు కోపం వచ్చింది. అయినా ఆ పిల్ల వెనక్కి తగ్గలేదు. పరాయి దొరను అడగడం కష్టమే. సొంత ఇంట్లో పెద్దలను అడగడం ఇంకా కష్టం. ఆ కష్టమైన పనితోనే ఆమె మొదలుపెట్టారు.

ఆమె అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి అప్పటికే ఉద్యమంలో ఉన్నారు. 1946 జూలై 4న కడివెండి ఊళ్లో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. దానితో ఊళ్లు లేచాయి. తెలంగాణ సాయుధ పోరాటం రాజుకుంది. స్వరాజ్యం కూడా ఇల్లు వదిలి అందులోకి వెళ్లారు. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు.

ఊరూరా తిరిగి ఆమె ఉయ్యాల పాటలు పాడి జనాన్ని కూడగట్టేవారు. బతుకమ్మ దగ్గర పాడుకునే బాణీ అందరికీ తెలిసిందే కదా. ఆ బాణీలోనే వెట్టి కష్టం వినిపించేవారు. తర్వాత దళంలో చేరారు. తుపాకీ పట్టారు. దళంలో ఆమెను రాజక్క అని పిలిచేవారు. ఆమెను పట్టిస్తే 10,000 రూపాయలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది. ఆ తర్వాత కూడా పోరాటం సాగింది. 1951లో ఆగింది.

మళ్లీ వంటింట్లోకేనా?

ఇక్కడ ఒక సంగతి మనసు పెట్టి వినండి.

పోరాటంలో ఆడవాళ్లు రాత్రింబగళ్లు పని చేశారు. అడవిలో ఉన్నారు. చీట్లు చేరవేశారు. దళాలకు అన్నం పెట్టారు. పోలీసుల దెబ్బలు తిన్నారు. పోరాటం ఆగాక చాలామందిని ఇక ఇళ్లకు వెళ్లిపొమ్మన్నారు. మళ్లీ పొయ్యి, మళ్లీ చీపురు. "మా పని అంతేనా?" అనే బాధ వాళ్ల మనసుల్లో ఉండిపోయింది. ఆ బాధను ఎన్నో ఏళ్లు ఎవరూ అడగలేదు. స్త్రీశక్తి సంఘటన అనే ఆడవాళ్ల సంఘం వాళ్ల దగ్గరకు వెళ్లి మాటలు రాసుకుంది. 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకంగా వేసింది. అందులో స్వరాజ్యం మాటలు కూడా ఉన్నాయి.

స్వరాజ్యం 1954లో మల్లు వెంకట నరసింహారెడ్డిని పెళ్లి చేసుకున్నారు. ఆయన కూడా పార్టీ నాయకుడే. పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఆమె మాత్రం ఊళ్లు తిరగడం మానలేదు.

ఓటు వచ్చింది

1952లో దేశంలో మొదటిసారి అందరికీ ఓటు వచ్చింది. దొరకు ఒకటే ఓటు. దొర పొలంలో కూలికి వెళ్లే ఆమెకూ ఒకటే ఓటు. అప్పట్లో ఓటు వెయ్యడానికి 21 ఏళ్లు నిండాలి. 1989 నుంచి 18 ఏళ్లు చాలు.

అప్పుడు చదువు వచ్చినవాళ్లు చాలా తక్కువ. అందుకే పోటీ చేసే ఒక్కొక్కరికీ ఒక గుర్తు ఇచ్చారు. ఒక్కొక్కరికీ ఒక పెట్టె పెట్టారు. పెట్టె మీద గుర్తు చూసి చీటీ అందులో వేసేవాళ్లు. తర్వాత ఒకే కాగితం మీద పేర్లు, గుర్తులు వేసి ముద్ర గుద్దే పద్ధతి వచ్చింది. ఇప్పుడు మిషను మీద మీట నొక్కుతున్నారు. గుర్తు ఇప్పటికీ ఉంది. అయితే ఇప్పుడు మీకు గుర్తు పక్కన ఉన్న పేరు కూడా చదవడం వచ్చు.

ఆ మొదటి ఎన్నికల్లోనే నల్గొండ జిల్లాలోని ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి గెలిచారు. ఆమె కూడా తెలంగాణ పోరాటంలో పని చేసినామే. 1952, 1957, 1962, మూడుసార్లు వరసగా గెలిచారు. ఆడవాళ్లు గెలవరు అనే మాట అబద్ధమని అప్పుడే తేలిపోయింది.

1978: మొదటి గెలుపు

తుంగతుర్తి నుంచి 1967లో స్వరాజ్యం అన్న నరసింహారెడ్డి ఎమ్మెల్యేగా గెలిచారు. తర్వాత ఆయన మిర్యాలగూడ నుంచి ఎంపీ అయ్యారు. 1978లో అదే తుంగతుర్తి నుంచి చెల్లెలు పోటీ చేశారు. సి.పి.ఎం. పార్టీ, సుత్తి కొడవలి నక్షత్రం గుర్తు.

పోరాటం ఆగిన 27 ఏళ్లకు ఆమె అసెంబ్లీలో అడుగు పెట్టారు. అప్పటికి ఆమెకు 47 ఏళ్లు.

అప్పుడు ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 294 సీట్లు. ఇందిరా కాంగ్రెస్‌కు 175 వచ్చాయి. సి.పి.ఎం.కు వచ్చినవి 8. ఆ ఎనిమిది మందిలో స్వరాజ్యం ఒకరు. ఎనిమిది మంది చేతులు ఎత్తితే చట్టం కాదు. చేతులు ఎత్తితే గెలిచేది ఎక్కువమంది ఉన్నవాళ్లే. మరి అలాంటప్పుడు అక్కడ ఉండి ఏం లాభం అని ఎవరైనా అడగొచ్చు.

లాభం ఉంది. సభలో పలికిన ప్రతి మాటా రాసి పెడతారు. మంత్రి జవాబు చెప్పాలి. పత్రికల వాళ్లు వింటారు. కూలిదాని కష్టం, పేదవాడి భూమి గొడవ అక్కడ ఎవరూ మాట్లాడకపోతే, అవి లేనట్టే లెక్క. స్వరాజ్యం అక్కడ పుస్తకం మాటలు మాట్లాడలేదు. ఊళ్లో ఆడవాళ్లు బావి దగ్గర, బజారులో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడారు. సామెతలు వేసేవారు. తర్వాత రోజుల్లో తన జీవిత కథను ఆమె చెప్పగా రాసిన పుస్తకానికి 'నా మాటే తుపాకీ తూటా' అని పేరు పెట్టారు. ఆ పేరు ఊరికే రాలేదు.

1983: గాలికి ఎదురుగా

1983 జనవరిలో మళ్లీ ఎన్నికలు వచ్చాయి. ఎన్.టి. రామారావు కొత్తగా పెట్టిన తెలుగుదేశం పార్టీ గాలి రాష్ట్రమంతా వీచింది. చాలామంది పాత నాయకులు ఓడిపోయారు. సి.పి.ఎం.కు 5 సీట్లే మిగిలాయి. ఆ అయిదింట్లో తుంగతుర్తి ఒకటి. స్వరాజ్యం రెండోసారి గెలిచారు.

గాలి వీచినప్పుడు గుడిసె కప్పు నిలిచిందంటే, కింద నిట్టాడు గట్టిగా ఉందని అర్థం. తుంగతుర్తి ఊళ్లలో ఆమెకు జనం అండగా ఉన్నారు.

గెలిచిన ఎమ్మెల్యే అయిదేళ్లు ఉండాలి. కాని ఆ సభ అయిదేళ్లు నడవలేదు. 1984 ఆగస్టులో గవర్నరు రామారావు ప్రభుత్వాన్ని తీసేశారు. జనం నుంచి పెద్ద ఎత్తున వ్యతిరేకత వచ్చింది. ఒక నెల తర్వాత, సెప్టెంబరులో రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. తర్వాత సభను రద్దు చేసి, 1985 మార్చిలో ఎన్నికలు పెట్టారు. స్వరాజ్యం రెండో పదవి అలా రెండేళ్లకే ముగిసింది.

1985లో తుంగతుర్తి సీటు రాంరెడ్డి దామోదర్ రెడ్డికి వెళ్లింది. ఆ తర్వాత స్వరాజ్యం మళ్లీ ఎమ్మెల్యే కాలేదు.

పదవి పోయాక

పదవి పోయాక ఎంతోమంది నాయకులు ఊళ్లకు కనబడరు. స్వరాజ్యం అలా కాలేదు. ఐద్వా అనే మహిళా సంఘంలో పని చేశారు. 'చైతన్య మానవి' అనే ఆడవాళ్ల పత్రిక సంపాదకవర్గంలో ఉన్నారు.

సారా ఉద్యమం పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో ఆడవాళ్లు రాత్రి బడులకు వెళ్లి అక్షరాలు నేర్చుకున్నారు. వాళ్ల వాచకంలో సారా గురించి పాఠం ఉంది. చదివి, మాట్లాడుకున్నారు. దూబగుంట ఊళ్లో ఆడవాళ్లు ఒక్కటై సారాను ఆపారు. ఆ కబురు ఊరి నుంచి ఊరికి పాకింది. సారా వేలం పాటలను ఆడవాళ్లు అడ్డుకున్నారు. ఆ ఉద్యమంలో స్వరాజ్యం కూడా ఆడవాళ్లతో కలిసి నడిచారు. అప్పటికి ఆమెకు అరవై ఏళ్లు దాటాయి.

1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా ఆగింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా ఆగింది.

ఇందులో ఒక పాఠం ఉంది. ఆ రోజు స్వరాజ్యం అసెంబ్లీలో లేరు. దూబగుంట ఆడవాళ్లూ అసెంబ్లీలో లేరు. అయినా ప్రభుత్వం దిగి వచ్చింది. సీటు ఉంటే లోపల అడగొచ్చు. సీటు లేకపోతే బయట అడగొచ్చు. అడగడం మానకూడదు.

మల్లు స్వరాజ్యం 2022 మార్చి 19న హైదరాబాదులో చనిపోయారు. అప్పటికి తొంభై ఏళ్లు నిండాయి. కాళ్లు చేతులు ఆడినంతకాలం ఆమె సభలకు వెళ్తూనే ఉన్నారు.

ఇప్పుడు మీ వంతు

స్వరాజ్యం తర్వాత తుంగతుర్తి నుంచి ఇంకో ఆడమనిషి ఎమ్మెల్యేగా గెలవలేదు. 2023 ఎన్నికల్లో తెలంగాణ అసెంబ్లీ 119 సీట్లలో ఆడవాళ్లు గెలిచినవి 10. ఓటర్ల లిస్టులో సగం మంది ఆడవాళ్లు. సభలో చూస్తే పన్నెండు మందిలో ఒకరు.

పంచాయతీల్లో అలా లేదు. 1993 నుంచి దేశమంతా పంచాయతీల్లో మూడింట ఒక వంతు సీట్లు ఆడవాళ్లకు ఇవ్వాలని చట్టం ఉంది. తర్వాత తెలుగు రాష్ట్రాల్లో దాన్ని సగం చేశారు. అసెంబ్లీలో, పార్లమెంటులో కూడా మూడింట ఒక వంతు ఇవ్వాలని 2023లో చట్టం చేశారు. అయితే జనాభా లెక్కలు తీసి, నియోజకవర్గాలను మళ్లీ విడదీశాకే అది అమలు కావాలని ఆ చట్టంలోనే రాశారు.

సీటు వచ్చేదాకా ఊరికే కూర్చోవాలా? అక్కర్లేదు. ఇప్పుడు చెయ్యగలిగిన పనులు ఉన్నాయి.

ఓటర్ల లిస్టులో మీ పేరు ఉందో లేదో మీరే చదివి చూసుకోండి. పేరు తప్పు పడితే దిద్దించుకోండి. పోటీ చేసేవాళ్లు తమ ఆస్తులు, తమ మీద ఉన్న కేసులు కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆ కాగితం అందరూ చూడొచ్చు. పది మంది కూడి చదవండి. ఓటు గుట్టుగా వేసేది. ఎవరికి వేశారో ఇంట్లో ఆయనకు కూడా చెప్పనక్కర లేదు. డబ్బు ఇచ్చినా, ఒట్టు వేయించుకున్నా, లోపల మీట నొక్కేది మీ వేలే.

గెలిచిన మనిషి ఊరికి వచ్చినప్పుడు దండ వెయ్యడానికి ముందు ఒక మాట అడగండి. "మా ఊరి గురించి సభలో ఏం మాట్లాడారు?" అని అడగండి. ఒక్కరు అడిగితే నవ్వుతారు. సంఘమంతా అడిగితే జవాబు చెబుతారు.

ఇంటికి వెళ్లాక రాత్రి బడిలో ఈ మూడు సంగతులు మాట్లాడుకోండి:

మీ ఎమ్మెల్యే పేరు ఏమిటి? పలక మీద రాయండి.
ఈ అయిదేళ్లలో మీ ఊరికి ఆయన, లేదా ఆమె, ఎన్నిసార్లు వచ్చారు?
మీ సంఘంలో నుంచి ఒకామె పోటీ చెయ్యాలంటే, ఎవరు? ఎందుకు?

మూడో ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు సిగ్గుపడకండి. మీ పేరే మీరు చెప్పుకోవచ్చు.