మహమ్మారి వేళ అధికారపు ఎల్లలు



పొలమునకు గట్టు కలదు, ఊరికి పొలిమేర కలదు. అంటువ్యాధికి మాత్రము ఎల్ల యెరుక లేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రపు నాల్గవ అధికరణమున దైవికములైన యెనిమిది మహాభయములను లెక్కించుచు, అగ్ని జలములతోపాటు వ్యాధిని కూడ చేర్చి, ప్రజలను కాపాడు భారమును రాజుపై నుంచెను. ఆతనికి రాజొక్కడే. మనకు ప్రభుత్వములు రెండు. చిక్కు అచ్చటనే యున్నది.

రాజ్యాంగము సప్తమ షెడ్యూలున ప్రజారోగ్యము, ఆసుపత్రులు రాష్ట్రజాబితాలో 6వ అంశము. రాష్ట్రముల నడుమ వలసలు, క్వారంటైను కేంద్రజాబితాలో 81వది. రోగము ఒక రాష్ట్రము నుండి మరొకదానికి ప్రాకకుండ అడ్డుట ఉమ్మడిజాబితాలో 29వది. ఒకే సర్వే నంబరుపై ముగ్గురి పేర్లు వ్రాసిన పహాణీ వలె నున్నది గదా! అయినను వ్రాసినవారు తెలియక వ్రాయలేదు. రోగిని చూచుట స్థానికుల పని. రోగమును దాటనీయకుండుట దేశపు పని.

బొంబాయి ప్లేగు నాడు, 1897లో, నాలుగే సెక్షన్లతో పుట్టిన అంటువ్యాధుల చట్టము ముఖ్యాధికారమును రాష్ట్రములకే యిచ్చినది. దాని క్రిందనే తెలంగాణ ప్రభుత్వము 2020 మార్చి 21న నిబంధనలు వెలువరించి, మరునాడు లాక్‌డౌన్ ప్రకటించెను. అంతలో కేంద్రము 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టమును చేతబట్టి, మార్చి 25 నుండి దేశమంతట 21 దినములు బంధనము విధించినది. విపత్తునకు ఆ చట్టము చెప్పిన నిర్వచనములో అంటువ్యాధి యను మాట లేదు, విశాలార్థముతో సరిపుచ్చుకొనిరి. ఇక రాష్ట్రములు బిగింపవచ్చును గాని సడలింపరాదు. తెలంగాణ గడువును కేంద్రపు మే 3కు మించి మే 7 వరకు పొడిగించగా అడ్డు లేదు. ఏప్రిలులో కేరళము హోటళ్లను తెరువబోగా కేంద్రము ఆక్షేపించినది, కేరళము వెనుకకు తగ్గినది.

కొడకండ్ల నేతగాండ్రు బ్రతుకుతెరువునకై భీవండి, షోలాపురము, సూరతు పోయినవారు. అట్టివారికి ఈ జాబితాలు కాగితపు మాటలు కావు. కూలివాడు ఒక రాష్ట్రమువాడు, పని వేరొక రాష్ట్రమున, రైలు కేంద్రముది. మూడును కలిసిననే గాని ఇల్లు చేరుట లేదు. తెలంగాణ కోరగా, 2020 మే 1న లింగంపల్లి నుండి ఝార్ఖండులోని హటియాకు సుమారు 1,200 మంది కార్మికులతో తొలి ప్రత్యేక రైలు కదలినది. బంధనము మొదలై అప్పటికి అయిదు వారములు దాటినది!

అధికారము రాష్ట్రమునకున్నంత మాత్రమున న్యాయము జరుగునని తలపరాదు. 2021 మేలో ఆంధ్రప్రదేశము నుండి రోగులతో వచ్చు అంబులెన్సులను తెలంగాణ తన సరిహద్దున ఆపినది. ముందుగా అనుమతి యుండవలెనని మే 11న ఉత్తరువు. మే 14న హైకోర్టు దానిని నిలిపివేసినది. ఊపిరాడనివానిని పొలిమేరలో నిలిపి కాగితమడుగుట ఏ ధర్మశాస్త్రమునకును ఒప్పదు.

ఖర్చు సంగతి మరింత విచిత్రము. ఆ మే నెలలోనే 18 నుండి 44 ఏండ్లవారి టీకాలను రాష్ట్రములే కొనుక్కొనవలెనని కేంద్రము విధించినది. కోవిషీల్డు కేంద్రమునకు 150 రూపాయలు, రాష్ట్రమునకు 300. కోవాగ్జిను కేంద్రమునకు 150, రాష్ట్రమునకు 400. ఒకే సరకు, ఒకే అమ్మకందారు, రెండు ధరలు! ఏ గ్రామపు జమాఖర్చులోనైన నిట్టి పద్దు కనబడిన తనిఖీదారు ఊరకుండునా? మే 31న సుప్రీంకోర్టు ఆ విధానమును ప్రశ్నించినది. జూన్ 21 నుండి కొనుగోలు భారమును కేంద్రమే తిరిగి తీసికొన్నది. ఆజ్ఞ యిచ్చునపుడు ఒక్కటైన చేయి, సొమ్ము చెల్లించునపుడు రెండు కాగూడదు.

విపత్తు చట్టము క్రింది ఆజ్ఞలు 2022 మార్చి 31తో ముగిసినవి. 1897 చట్టమున కేంద్రము, రాష్ట్రము, స్థానిక సంస్థల అధికారముల నడుమ హద్దు స్పష్టముగ లేదని 2024 ఫిబ్రవరిలో లా కమిషన్ తన 286వ నివేదికలో చెప్పినది. ఎవరి పని యేదో విడదీయు ప్రణాళిక కావలెనన్నది. అందులో గ్రామపంచాయతీ పేరు ఏ వరుసలో వ్రాయుదురో చూడవలసియున్నది.