చర్చి రిజిస్టర్లలో ఆడవాళ్ళ జాడ



ఇంగ్లండు పల్లెటూళ్ళలో వంశవృక్షం రాసుకోవాలనుకునేవాళ్ళకి పెద్ద ఆధారం ఊరి చర్చి రిజిస్టరు. 1538లో ఎనిమిదో హెన్రీ రాజుగారి మంత్రి థామస్ క్రామ్‌వెల్ దీనికి ఉత్తర్వు వేశాడు. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు వారం వారం రాయాలి. పుస్తకాన్ని రెండు తాళాల పెట్టెలో దాచి, ఒక తాళంచెవి పాదిరీగారు, రెండోది చర్చి పెద్దలు ఉంచుకోవాలి. ఇదంతా పన్ను వేయడానికేనని జనం గొణుక్కున్నారు. వాళ్ళ అనుమానం వట్టిదేం కాలేదు లెండి. 1783లో ఒక్కో పద్దుకి మూడు పెన్నీల సుంకం వేయనే వేశారు, 1794లో గాని తీసెయ్యలేదు. కటిక పేదల్ని మాత్రం వదిలేశారు.

ఈ పుస్తకాల్లో మగవాళ్ళు తేలిగ్గానే దొరుకుతారు. చిక్కంతా ఆడవాళ్ళతోనే. పాత పద్దుల్లో "జాన్ కూతురు మేరీ" అని ఉంటుంది, చాలాచోట్ల తల్లి పేరే ఉండదు. ఉన్నా పుట్టింటి ఇంటిపేరు రాయరు. చనిపోతే "జాన్ భార్య". ఆయన ముందే పోతే "విధవరాలు ఫలానా" అని అత్తింటి ఇంటిపేరు ఒక్కటే! పదిమందిని కన్న తల్లికి సొంత పేరు రాయడానికి ఆ కాస్త సిరా కరువైందా అనిపిస్తుంది నాకు.

మరి ఆమెని పట్టుకోవడం ఎలాగంటారా? పెళ్ళి పద్దు చూడాలి. పెద్దబిడ్డ బాప్తిస్మం నుంచి ఏడాదికేడాది వెనక్కి వెళ్ళాలి. పెళ్ళి చాలాసార్లు పెళ్ళికూతురి ఊళ్ళోనే జరిగేది, కాబట్టి ఆ ఊళ్ళో కనబడకపోతే చుట్టుపక్కల ఊళ్ళ పుస్తకాలు తిరగెయ్యాలి. పెళ్ళి దొరికితే పుట్టింటి ఇంటిపేరు దొరికినట్టే. ఆ పేరుతో ఆవిడ బాప్తిస్మం వెతకాలి. ఒకే పేరుతో ఇద్దరు మేరీలు కనబడితే సమాధుల పుటలు కూడా చూడండి. ఒక మేరీ ఉయ్యాలలోనే పోయి ఉండొచ్చు. అది చూసుకోకుండా పోయిన పసిబిడ్డని ముత్తవ్వగా రాసుకున్నవాళ్ళు లేకపోలేదు.

ఇంకో తమాషా ఉంది. 1752కి ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1720 ఏప్రిల్‌లో పెళ్ళి, 1720 జనవరిలో బిడ్డకి బాప్తిస్మం అని ఉంటే ముక్కున వేలేసుకోకండి. ఆ జనవరి మన లెక్కకి 1721. తొమ్మిది నెలలూ సరిగ్గా సరిపోయాయి!

1754 నుంచి వధూవరులు, సాక్షులు సంతకాలు చెయ్యాలన్నారు. రాయడం రానివాళ్ళు ఇంటూ గుర్తు పెట్టేవారు. ఆ వంకర గీతలే ఆవిడ తన చేత్తో పెట్టిన ఒకే ఒక్క గుర్తు కావచ్చు. సాక్షుల పేర్లు వదలకండి, వాళ్ళు తరచు అన్నదమ్ములో, అక్కచెల్లెళ్ళో అయి ఉంటారు. 1837లో పెళ్ళి రిజిస్టరు నమూనా మార్చి ఇద్దరి తండ్రుల పేర్లకీ, వృత్తులకీ గడులు పెట్టారు. తల్లుల పేర్లు మాత్రం 2021 మే నెలలో గాని చేరలేదు.

పాత రిజిస్టర్లు ఇప్పుడు చాలామట్టుకు జిల్లా దస్తావేజుల కార్యాలయాల్లో ఉన్నాయి. కొన్నిటి ఫోటోలు కంప్యూటరులోనూ చూడొచ్చు. ఎలుకలు కొట్టినవి, తడిసినవి, అంతర్యుద్ధంలో పోయినవి ఉంటే నిరాశపడనక్కరలేదు. 1598 నుంచి ఏటేటా బిషపుగారికి నకలు పంపాలనే నియమం ఉండేది. అసలు పోయినచోట ఆ నకలు దొరకవచ్చు.