ఒకే సర్క్యూటు, రెండు గొంతులు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు యంత్రాల ముచ్చట ఏమిటని కొందరికి తోచవచ్చు. కాని బరంపురంలో ఠాకురాణీ యాత్రకైనా, మన నాటకానికైనా మైకు సెట్టు లేనిదే పని జరగదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని పలికించారు. మన పిల్లలూ గిటార్లు పట్టుకుంటున్నారు. కనుక పాత వాల్వు ఆంప్లిఫయర్లను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

తీగ కదలికవల్ల పుట్టే విద్యుత్తు అత్యల్పం. అది వాల్వులోని గ్రిడ్డును చేరి, అక్కడ పారే పెద్ద ప్రవాహాన్ని హెచ్చిస్తూ తగ్గిస్తూ ఉంటుంది. తూము దగ్గరి మనిషి బలం కొద్దిదే. కాలువ నీరంతా అతని చెప్పుచేతల్లో ఉన్నది. ఇదీ అంతే.

అమెరికాలో ఫెండరు కంపెనీవారు 1950ల చివర బాస్‌మన్ అనే ఆంప్లిఫయరుకు ఒక మంచి సర్క్యూటు కుదిర్చారు. 1962లో లండనులో, జిమ్ మార్షల్ దుకాణంలో, కెన్ బ్రాన్, డడ్లీ క్రావెన్ అనేవారు దాదాపు ఆ సర్క్యూటునే అనుసరించి మరొకటి కట్టారు. అదే జె.టి.ఎం.45. ఫెండరువారి మొదటి వాల్వు 12ఎవై7. మార్షల్‌వారిది అంతకంటె బలమైన ఇసిసి83. ట్రాన్స్‌ఫార్మర్లు వేరు. అక్కడ వెనుక తెరచిన పెట్టెలో 10 అంగుళాల స్పీకర్లు 4; ఇక్కడ మూసిన పెట్టెలో 12 అంగుళాలవి 4. దానితో గొంతే మారిపోయింది. ఫెండరు స్వచ్ఛంగా మోగే చోట మార్షల్ గర్జిస్తుంది. లోకం రెండింటినీ మెచ్చుకున్నది.

కాలిఫోర్నియాలో అలెగ్జాండర్ డంబుల్ అనే పనివాడు ఆంప్లిఫయర్లను చేతితో ఒక్కొక్కటే కట్టి, సర్క్యూటు ఎవరికీ కనబడకుండా పైన ఎపాక్సీ జిగురు పోసేవాడు. ఆయన 2022లో పోయారు. ఆ పనితనం తెలుసుకోగోరినవారు జిగురు గోకి చూడవలసి వచ్చింది.

ఇక మన సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై, గంజాం అందులో చేరింది. మనలో కొందరు ఊరు విడిచి వచ్చినవారు. కొందరు కదలనే లేదు, ఎల్లయే కదిలింది. మన తెలుగు ఆ లండను ఆంప్లిఫయరు వంటిది. సర్క్యూటు తాతలది, విడిభాగాలు ఈ నేలవి. ఒడియా యాస తగిలినదని దానిని తక్కువచేయడం న్యాయం కాదు. అయితే ఎంత మంచి వాల్వైనా వేడెక్కనిదే పలకదు. ఇంట్లో మాట్లాడనిదే భాషా అంతే. పిల్లల చేత మన మాటను గోకి వెతికించే అవస్థ తేవద్దు. పక్కన కూర్చోబెట్టుకొని నేర్పండి.

అటకమీద పాత సెట్టున్నవారికి ఒక హెచ్చరిక. ప్లగ్గు తీసినా కండెన్సర్లలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. తెలిసినవారి చేత తప్ప తెరిపించవద్దు. తుక్కుకు వేయకముందు ఆ తెలిసినవారికి ఒకసారి చూపించండి. వారి పని చూడడానికి మీ పిల్లవాణ్ణీ వెంట పంపండి.

అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.