తెరచాపకొక బడి



సంఘ కార్యదర్శిగారు మమ్ము ఈ వార్షిక మహాసభయందు విద్యను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కోరిరి. ముప్పదియేండ్లకు పైబడి బడిలో సంస్కృతాంధ్రములు చెప్పినవారము గనుక మేము ఏ ప్రబంధమును గూర్చియో, ఏ విద్యార్థి వేతనములను గూర్చియో ప్రసంగింతుమని వారు తలచియుందురు. మేమును విద్యను గూర్చియే చెప్పెదము గాని అది పలకమీద వ్రాయు విద్య కాదు. చిన్నపడవపై తెరచాప యెత్తి, గాలిని మచ్చిక చేసికొని, పోదలచిన చోటికి పోయి మరల రేవు చేరు విద్య. మన తాతలు పుట్టుకతోడనే యెరిగినదానిని మనకు చెప్పవచ్చిన ఈ పంతులెవడని వెనుక వరుసలలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుదురు గాక. ఆ తాతల మనుమలు నేడు దాని నెరుగుదురా యని మాత్రమే మా ప్రశ్న.

ఈ సభకు వచ్చుటకు ముందు మేము మైపాడు మొదలుకొని మన పట్టపుపాలెములు కొన్నింటికి పోయి, కనబడిన కుర్రవాండ్ర నడిగితిమి. ఇంజను విప్పి బిగించుట యందరికిని వచ్చును. సెల్‌ఫోనులో దారి చూచుట వచ్చును. తెరచాపతో తెప్ప నడిపినవాడు ఒక్కడును మాకు దొరకలేదు. ఏబదియేండ్లు దాటినవారు మాత్రము చిన్నప్పుడు తండ్రితో పోయితిమని చెప్పిరి. తెల్లవారుజామున నేలగాలితో లోనికి పోవుట, మధ్యాహ్నమునకు సముద్రపుగాలి తిరుగగానే దానితోడనే యొడ్డు చేరుట, ఇదియే మన పెద్దల దినచర్య. గడియారము వారికి గాలియే.

ఫైబరు పడవలును ఇంజనులును వచ్చెను. 2004 డిసెంబరు 26వ తేదీ సునామీ పిమ్మట సహాయముగా వచ్చిన పడవలతో మిగిలిన కొయ్యతెప్పలును తెరమరుగైనవి. మేము ఇంజనును నిందింపవచ్చినవారము కాము. తుపాను వార్త వినినప్పుడు త్వరగా ఒడ్డు చేర్చునది అదియే. కాని నడిసముద్రమున ఇంజను ఆగినచో మన పిల్లవాడు చేయునదేమి? ఫోనునకు సంకేత మందని చోట పడవ కొట్టుకొనిపోవుచుండగా గంగమ్మను తలచుకొనుచు కూర్చుండుటయే. పడవలో ఒక గట్టి గుడ్డయు, ఒక వెదురుగడయు, గాలిని చదువు నేర్పును ఉన్నచో, ఎక్కడికో కొట్టుకొనిపోక తాను కోరిన దిక్కునకు కొంతయైనను సాగవచ్చును. మన తాతలకు ప్రతిదినమును ఉన్న ఈ ఉపాయము మనకు ఆపదలోనైనను లేకపోయెను.

ఇక మా తప్పు నొకటి చెప్పుకొనవలసియున్నది. మేమును ఈ కులమున పుట్టినవారమే. మా నాయన మమ్ము చిన్ననాడే సంస్కృత పాఠశాలకు పంపెను. నాటినుండి సముద్రము మాకు గట్టుననుండి చూచునదియే యయ్యెను. తరువాత మేము బడిలో అమరకోశమందలి వారివర్గమును పిల్లలచే వల్లె వేయించుచుంటిమి. ఉడుపము, ప్లవము, క్షేపణి, అరిత్రము, కర్ణధారుడు, ఇట్లు పడవకు సంబంధించిన పదము లందు కుప్పలుగా నున్నవి. ఒకనాడు పాలెమునుండి వచ్చు నొక బాలుడు లేచి, "అయ్యోరూ, అరిత్రమంటే తెడ్డా, చుక్కానా?" అని యడిగెను. నిఘంటువులలో రెండర్థములును కలవని చెప్పితిమి. అంతటితో విడువక వాడు, "చుక్కానయితే, గాలి ఎదురొచ్చినప్పుడు దాన్ని ఎటు తిప్పాల?" అనెను. మాకు తెలియదు. తెలియదనక, కూర్చుండుమని గద్దించితిమి. ఆ మరుసటి యేడు వాడు బడి మానెను. మా గద్దింపు వలననే మానెనని చెప్పజాలము గాని, కాదని చెప్పుటకును మాకు ధైర్యము చాలదు.

ఉద్యోగవిరమణానంతరము మేము పాలెమునకు పోయినపుడు వాడే యెదురుపడెను. తలయు నెరయుచున్నది. తండ్రి తెరచాప ఇంకను ఇంటి వాసాలలో చుట్టి దాచియుంచినాడు. మా కోరికపై దానిని దింపి, చిన్నపడవకు కట్టి, మమ్ము ఉప్పుటేటిలోనికి తీసికొనిపోయెను. చుక్కాని మా చేతి కిచ్చెను. గాలి యెదుటనుండి వచ్చుచుండగా మేము పడవను తిన్నగా దానిమీదికే త్రిప్పితిమి. చాప తపతప కొట్టుకొనెను, పడవ నిలిచిపోయెను. అపుడు వాడు, "గాలితో పోట్లాడబాకండి అయ్యోరూ. కాస్త పక్కకి తిప్పండి, అదే తీసకపోద్ది," అనెను. త్రిప్పగానే చాప నిండెను. కొంతదూరము కుడికిని, కొంతదూరము ఎడమకును వంకరగా పోయి పోయి, గాలి వచ్చు దిక్కుననే యున్న మడచెట్లను చేరితిమి. గాలి కెదురుగా గాలితోడనే పోవచ్చునని చిన్ననాడు విన్నమాటను ఆనాడు మా చేతులు నమ్మినవి.

ఇందులో మహిమ యేమియు లేదు. వంపు తిరిగిన చాప ప్రక్కనుండి వచ్చు గాలిని మరలించుటచే ఒక బలము పుట్టును. అది పడవను ముందునకును ప్రక్కకును కూడ లాగును. పడవ క్రిందికి దించిన పలక ప్రక్కకు జారనీయదు, కావున ముందునకు పోవుటయే మిగులును. గాలి కెదురుగా ఇరువైపుల నించుమించు నలుబదియైదు డిగ్రీల మేర మాత్రము పడవకు దారి లేదు. ఆ మేరను తప్పించుకొని మెలికలుగా పోవలెను. ఇంత చిన్న సూత్రమును ముప్పదియేండ్ల యయ్యవారు అరువదవయేట నేర్చుకొనెను!

ఇతరులు దీని నెట్లు నేర్పుచున్నారో విచారించితిమి. ఇంగ్లండులోని రాయల్ యాటింగు అసోసియేషనువారు పిల్లలకు నాలుగు మెట్లును, పెద్దలకు మూడు మెట్లును ఏర్పరచిరి. మొదటి మెట్టులో పడవ భాగముల పేర్లు, ముడులు, గాలి దిక్కు కనుగొనుట, ఆగుట, తిరుగుట. పడవ తల్లక్రిందులైనచో మరల నిలబెట్టుటయు మొదటనే తెలియజెప్పుదురు. ఈ వరుస మాకు మిక్కిలి నచ్చినది. పడుట యెట్లో ముందుగా తెలిసినవాడు తరువాత భయపడడు. పిల్లలకు ఆప్టిమిస్టు అను పడవ కలదు. 1947లో అమెరికాలో క్లార్కు మిల్సు అనువాడు దీనిని రూపొందించెను. ఎనిమిదడుగులైనను పొడవుండదు, బరువు 35 కిలోలు, ఒక్క పిల్లవాడు, ఒక్క చాప. పదునైదేండ్ల వరకు దానితో పోటీలు చేయుదురు. అటుపై లేజరు అనబడుచు వచ్చిన పడవ, నేటి పేరు ఇల్కా. దాని యుపాయము చూడుడు: పడవ యొక్కటియే, చాపలు మూడు. చిన్నవారికి 4.7 చదరపు మీటర్లది, నడిమివారికి 5.76, బలిష్ఠులకు 7.06. బాలశిక్ష తరువాత పెద్దబాలశిక్ష వచ్చినట్లు, పిల్లవాడు పెరిగినకొలది చాపయు పెరుగును.

దూరదేశముల మాట యేల? హైదరాబాదునకు సముద్రము లేదు. అయినను 2009లో సుహేమ్ షేకుగారు అచ్చట యాట్ క్లబ్బును స్థాపించి, హుస్సేనుసాగరమున బీదపిల్లలకు కూడ ఈ విద్య నేర్పుచున్నారు. అచ్చట నేర్చిన ప్రీతి కొంగర అను బాలిక 2023లో హాంగ్‌ఝౌ ఆసియాక్రీడలలో దేశము పక్షమున పడవ నడిపెను. ఆ క్రీడలలోనే బాలికల ఇల్కా 4 తరగతియందు రజతపతకము గెలిచిన నేహా ఠాకూరు మధ్యప్రదేశమందలి దేవాసునకు చెందిన రైతుబిడ్డ. ఆమె నేర్చినది భోపాలులోని జాతీయ సెయిలింగు పాఠశాలలో, చెరువునీటిపై. చెన్నపట్టణపు నేత్రా కుమణన్ 2021లో టోక్యో యొలింపిక్సునకు అర్హత పొంది, పడవ పందెములలో అట్టి గౌరవమందిన మొదటి భారతీయ మహిళ యయ్యెను. చెరువు గట్టువారి బిడ్డలు పతకములు తెచ్చుచుండగా సముద్రము గుమ్మమునందే యున్న మన బిడ్డలు చప్పట్లు కొట్టుచున్నారు. ఆ చప్పట్లు వినినపుడు మాకు సిగ్గు కలుగును.

పై ముగ్గురును ఆడుబిడ్డలే యని తల్లులు గమనించియుందురు. మన పాలెములలో స్త్రీ చేపలబుట్ట మోయవచ్చును, వేలములో బేరమాడవచ్చును, పడవ యెక్కరాదు. సముద్రమును గంగమ్మ తల్లి యని మ్రొక్కుచు, ఆ తల్లి యొద్దకు కూతురు పోరాదనుట యే శాస్త్రమో మాకు దొరకలేదు. వెదకితిమి, నిజముగనే వెదకితిమి. పెద్దలు కోపగింపకుందురు గాక.

కొందరు పెద్దలు మాతో, "అయ్యా, మన పిల్లలు చదివి పడవ వదలవలెనని కదా మన కోరిక, మరల పడవ యెక్కింతువా?" అనిరి. ఈ మాట త్రోసివేయదగినది కాదు. పడవమీద తండ్రుల పోగొట్టుకొన్న యిండ్లు ఈ సభలోనే కలవు. మేము చేపలవేటకు పిలుచుటలేదు. వేటకు పోవువాడు పోవును, పోనివాడు నౌకాదళమునకో, తీరరక్షకదళమునకో, వర్తకనౌకలకో పోవచ్చును. నీటిపై తడబడనివానికి అచ్చట మొదటినాడే గుర్తింపు కలుగును. ఏమియు కాకున్నను, ప్రాణరక్షణ కలదు.

పని యెట్లారంభింపవలెను? అలలు విరుగు బహిరంగ తీరమున పసివారిని దింపరాదు. ప్రళయకావేరి విశాలమే గాని లోతు తక్కువ, పైగా పక్షులకు రక్షితస్థానము, అనుమతి లేక పడవ దింపరాదు. నెల్లూరి స్వర్ణాల చెరువు మొదటి మెట్టునకు చాలును. అధికారుల యనుమతి దీనికిని తప్పదు. రొట్టెల పండుగ దినములలో మాత్రము ఆ వైపు పోరాదు. రెండవ మెట్టు ఉప్పుటేరులలో, మూడవది అలలు దాటి సముద్రమున. కాలము జనవరి మొదలు వేసవి వరకు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో తుపానుల భయము గనుక గదిలో ముడులును పటములును నేర్పవలెను. ఈతరాని వానికి పడవ యీయరాదు. ఈతవచ్చినవానికిని తేలుడు చొక్కా తప్పదు. మన కుర్రవాండ్రు దానిని తొడుగుట నామోషీ యనుకొందురు. చుక్కాని పట్టిన గురువే ముందు తొడిగి చూపినగాని ఆ నామోషీ పోదు.

ముందుగా ఇద్దరు యువకులను హైదరాబాదునకు పంపి బోధకులుగా తరిఫీదు చేయింపవలెను. మేము చెప్పిన ఆ వాసాల తెరచాపవానిని వారికి తోడు గురువుగా నియమింపవలెను. వానికి పట్టా లేదు, గాలి తెలియును. నాలుగు ఆప్టిమిస్టులును, పెద్దలకొక పడవయు, ఒక పాకయు కావలెను. దాతలు వేదికమీదనే యున్నారు, వారి పేర్లు మేము చెప్పనక్కరలేదు. కల్యాణమండప నిధికి భంగము కలుగునని కోశాధికారిగారు కంగారుపడవలదు, ఆ నిధినుండి ఒక్క రూపాయియు అడుగుట లేదు.

ఈ సభ ముగియులోపల కార్యదర్శిగారి బల్లమీద ఒక పుస్తకము తెరవబడును. నేర్చుకొనదలచినవారు, ఏ వయసువారైనను, పేరు వ్రాయింపవచ్చును. మొదటి పేరు మాది, వయస్సు అరువదియేడు. రెండవది మా మనుమరాలిది, తొమ్మిది. మూడవ గీత ఖాళీగా నున్నది. సెలవు.