ఊరి కల్లు, ఊరి రుచి

ఇటలీ ద్రాక్షాసవము లనగానే మనలో చదువుకొన్నవారికి కియాంటి వంటి ఒకటి రెండు పేర్లు స్ఫురించును. కాని ఆ దేశమున పేరు కెక్కని ఆసవములే ఎక్కువ. మార్కే సీమలో జేసి పట్టణము చుట్టునున్న గుట్టలపై వెర్దిక్కియో అను ద్రాక్ష పండును. దానితో చేయు తెల్లని ఆసవము తుదిని బాదముపప్పు చేదును రవంత నాలుకపై మిగుల్చును. దక్షిణమున బాసిలికాతాలో, చల్లారిన అగ్నిపర్వతమగు వుల్తూరె వాలులలో ఆల్యానికో అను నల్లద్రాక్ష కలదు. దాని ఎర్రని ఆసవము క్రొత్తలో కరక్కాయవలె వగరు. ఏండ్లు గడచిన కొలది మెత్తబడును. రుచి నెరిగినవారు దీనిని గుటుక్కున మ్రింగరు. రంగు చూతురు, వాసన చూతురు, నాలుకపై నిలిపి ఏ నేలది, ఏ యేటిది అని విచారింతురు.

ఈ విద్య మనకు క్రొత్త కాదు. మా మనూరు ప్రాంతము మంజీర దాపున ఉన్నది. ఆ నారాయణఖేడ్ తాలూకా 1956 వరకు బీదరు జిల్లాలోనిది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ ఒక్క సంతలోనే వినవచ్చును. అచ్చట ఈత, తాడి మా ద్రాక్షతోటలు. ఉద్యోగమున చేరిన క్రొత్తలో సెలవులకు పోయినపుడు ఒక గౌడన్న చలికాలపు వేకువను రెండు లొట్లు నా ముందుంచి, "సారూ, జల్ది మింగకుండ్రి, నాలిక మీద జర ఆపుండ్రి. ఇది వాగొడ్డు ఈత, అది చెలకల ఈత. ఎరుకైతదా?" అనెను. మొదటిది పలుచగా, తీయగా ఉండెను; రెండవది చిక్కన, చివర కొంచెము ఉప్పన. నాకు తేడా తెలిసినదని చెప్పితిని. సగము గౌరవము కొరకే చెప్పితినని ఇప్పుడు ఒప్పుకొందును.

ఈతకు మట్టల క్రింద మాను పైభాగమును చెక్కి రసము తీయుదురు. కొన్ని దినములు గీచి కొన్ని దినములు చెట్టునకు విశ్రాంతి నిత్తురు. తాడి కట్లు కాదు. మగచెట్టు కంకినుండియు, ఆడచెట్టు గెలనుండియు రసము కారును. లొట్టిలో పడిన క్షణమునుండియే గాలిలోని, కుండలోని ఈస్టు జీవులు చక్కెరను ఆల్కహాలుగా మార్ప నారంభించును. ఆలోపల సున్నము పూసి పులియనీయకున్న అది నీరా. వేకువ తీపి, పగటికి పులుపు, మరునాటికి కాడి. సీసాలో బంధించి దూరదేశమునకు పంపుటకు వీలులేని పానీయమిది. చెట్టు దగ్గరకు మనమే పోవలెను. గంట గంటకు మారుటయే దాని నిజము.

నగరములో దొరకు కల్లు మారదు. నాకు భయము కలిగించునది అదియే. చెట్లు తక్కువ, గిరాకి ఎక్కువ. అందుచేత నీటిలో తీపికి సాకరీను, మత్తుకు క్లోరల్ హైడ్రేటు, డయజెపాం, ఆల్ప్రజోలం కలుపుదురు. దానికి అలవాటుపడినవారు ఒక్కసారి మానిన చేతులు వణకును, మూర్ఛలు వచ్చును, లేనివి కానవచ్చును. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించిరి. ఎంత నేర్పరి నాలుక యైనను ఈ మందులను పట్టునని నేను చెప్పజాలను. అందుకు ప్రయోగశాలయే గతి.

ఇటలీలోను ఇట్టిది జరిగినది. ఏ ఊరి పేరు ఏ ఆసవమునకు చెల్లునో నిర్ణయించుటకు 1963లోనే అచ్చట శాసనము చేసిరి. అయినను 1986లో మిథనాలు అను విషమును కలిపిన చవుకరకపు ఆసవము త్రాగి 20 మందికి పైగా చనిపోయిరి. ఎగుమతులు పడిపోయినవి, ఏ పాపము నెరుగని రైతుల పీపాలు కొనువారు లేక నిలిచిపోయినవి. మన పల్లెలలో నిజముగా చెట్టెక్కు గీతకార్మికునికి కలుగు నష్టము ఇట్టిదే. మోకు, ముస్తాదు కట్టుకొని ప్రాణమునకు తెగించి దించిన కల్లును చూచి కూడ కొనువాడు అనుమానపడును.

ఈమధ్య ఒక పట్టణపు దుకాణమున సీసా చేతికిచ్చినవానిని, "ఇది ఏ చెట్టు కల్లు?" అని అడిగితిని. అతడు నన్ను వింతగా చూచి నవ్వెను.

"చెట్లేడున్నయి సారూ?"