స్థౌల్యచికిత్సానంతర కర్తవ్యము
(మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



మన సభలయందు విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు ముచ్చటించుట పరిపాటి. నేడు మేము దేహమును గూర్చి రెండు మాటలు విన్నవింప దలచితిమి. పలాస, టెక్కలి, ఉద్దానపు గ్రామములలోని మన కుటుంబములనుండి విశాఖపట్టణమునకో, హైదరాబాదునకో పోయి, స్థూలకాయమునకు బేరియాట్రిక్ శస్త్రచికిత్స చేయించుకొని వచ్చినవారు కలరు. వారిలో గొందఱికి రెండు మూడేండ్లు గడచిన పిమ్మట బరువు మరల పెరుగుచున్నది. అంతట వారు సిగ్గుపడి వైద్యునికడకు బోవుట మానుదురు, పెండ్లిపేరంటములకు రారు, "అప్పుచేసి తెచ్చిన సొమ్మంతయు నీళ్లపాలయ్యె" నను మాట యింట వినలేక క్రుంగిపోవుదురు. పెరిగిన బరువుకంటె నీ సిగ్గే యెక్కుడు హానికరమని మా యభిప్రాయము.

చరకసంహిత సూత్రస్థానమునందలి 21వ యధ్యాయము అతిస్థూలురను, అతికృశులను గూర్చి విచారించుచున్నది. అందు స్థౌల్యమునకు అతిభోజనమొక్కటియే హేతువని చెప్పలేదు. వ్యాయామము లేమియు, పగటినిద్రయు, బీజస్వభావమును కూడ హేతువులుగా లెక్కించిరి. బీజస్వభావమనగా తల్లిదండ్రులనుండి సంక్రమించు గుణము. కావున స్థూలుని జూచి "తిండిపోతు" అని నవ్వుట శాస్త్రమునకును విరుద్ధము, మర్యాదకును విరుద్ధము.

ఈ చికిత్సలో రెండు విధానములు ముఖ్యములు. స్లీవ్ అను విధానమున జీర్ణాశయములో ముప్పాతికకు మించిన భాగమును తొలగింతురు. బైపాస్ అను విధానమున చిన్న సంచివంటి భాగమును మాత్రము మిగిల్చి, దానిని ప్రేగునకు గలుపుదురు. ఆకలి పుట్టించు గ్రెలిన్ అను రసము స్లీవ్ పిమ్మట మిక్కిలి తగ్గును. కాని దేహము తన పూర్వపు బరువును మఱువదు. కాలక్రమమున ఆకలి కొంత మరలివచ్చును; జీర్ణాశయము కొంత సాగును; పాత యలవాట్లు తలయెత్తును. స్వీడన్ దేశమున 1987లో ప్రారంభించి, నాలుగువేలకు మించినవారిని పరిశీలించిన యొక మహాపరిశోధన ఫలితములు 2007లో ప్రకటింపబడినవి. బైపాస్ చేయించుకొన్నవారు మొదటి రెండేండ్లలోపల నూటికి 32 వంతుల బరువు తగ్గిరి. పదియేండ్లకు ఆ తగ్గుదల 25 వంతులుగా నిలిచెను. కొంత మరల పెరిగినను, చికిత్స పొందినవారిలో మరణములు పొందనివారిలోకంటె తక్కువగా నుండెను. కావున కొంత పెరుగుట దేహధర్మము. చికిత్స వ్యర్థమైనదని తలపరాదు.

మరి దారి తప్పినవారు మరల దారి పట్టుట యెట్లు? మొట్టమొదట చికిత్స చేసిన వైద్యుని దర్శింపవలెను. జీర్ణాశయము సాగినదా, థైరాయిడ్ దోషమున్నదా, వాడుచున్న వేఱు మందులేవైన బరువు పెంచుచున్నవా యని యాతడు పరీక్షించును. పిదప వారము దినములు తిన్నదెల్ల నొక పుస్తకమున వ్రాయవలెను. ఒక్కమారు ఎక్కువ తినలేనివారు దినమంతయు కొంచెము కొంచెముగా జంతికలు, బెల్లపుటుండలు, చక్కెర పానీయములు పుచ్చుకొనుటయే పలుమారు బరువునకు మూలమని యా పుస్తకమే చెప్పును. మెత్తనివియు, ద్రవములును చిన్న జీర్ణాశయమున నిలువక జాఱిపోవును, తృప్తి కలుగదు. కావున కంచమున ముందు చేప, గ్రుడ్డు, పప్పు, పిదప కూర, కడపట అన్నము. భోజనముతో నీరు త్రాగక, అరగంట తాళి త్రాగవలెను. వారమునకు నూటయేబది నిమిషములకు తక్కువగాక నడువవలెను. బి12, ఇనుము, కాల్షియము, డి విటమినులు వైద్యుడు చెప్పినట్లు జీవితాంతము వాడవలెను. ఇవి చాలనిచో, సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ అను సూదిమందులు 2025లో బరువు తగ్గుటకై మన దేశమున కూడ విక్రయమునకు వచ్చినవి. అవియు వైద్యుని యాజ్ఞ లేక వాడరాదు.

ఇంతవరకు చెప్పినది ఎల్లదేశములవారికిని వర్తించును. ఉద్దానమువారికి వేఱుగా చెప్పవలసినవి నాలుగు కలవు. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములను మూత్రపిండవ్యాధి చిరకాలముగా పీడించుచున్నది. మొదటిది: మాంసకృత్తులు హెచ్చుగా దినుడను సామాన్యపు సలహాను ఇచట రక్తములో క్రియాటినిన్ పరీక్ష చేయించుకొనక పాటింపరాదు. మూత్రపిండములు చెడినవారికి ఆ సలహాయే కీడు చేయును. రెండవది: కీళ్లనొప్పులకు అంగడిలో గొను నొప్పిమాత్రలు బైపాస్ చేయించుకొన్నవారికి పుండ్లు కలిగించును, మూత్రపిండములకును చెఱుపు. మూడవది: బైపాస్ పిమ్మట ప్రేగులు ఆక్సలేటును హెచ్చుగా గ్రహించును, దానివలన రాళ్లును, మూత్రపిండములకు హానియు కలుగవచ్చును. మన పలాస జీడిపప్పులో ఆక్సలేటు మెండు. నూరు గ్రాములలో సుమారు 550 కెలోరీలును కలవు. జీడి మన జీవనాధారమే. అయినను దోసిలితో గాక లెక్కతో దినవలెను. నాలుగవది: చిన్న జీర్ణాశయము కలవారు ఒక్కమారు చెంబెడు నీరు త్రాగలేరు. తోటలలో ఎండను పని చేయువారు సీసా దగ్గఱ నుంచుకొని మాటిమాటికి గ్రుక్కెడు త్రాగుచుండవలెను. పలాసలో 2023 డిసెంబరు 14న ప్రారంభింపబడిన మూత్రపిండవ్యాధుల ఆసుపత్రి మన యిరుగుననే యున్నది. పరీక్షకు దూరభారము సాకు కాజాలదు.

ఇక సంఘముయొక్క ధర్మము. మన విందులలో "ఒద్దు" అన్నవారి విస్తరిలో "ఇంకొక్క అరిసె వేసుకో వదినె, మామీద కోపమా?" అని వడ్డించుట ఆదరమని భావింతుము. చికిత్స పొందిన యాడుపడుచునకు అది శిక్ష. వలదన్న మాటను గౌరవించుటయే నేటి యతిథిపూజ. సంఘ వసతిగృహములలోని పిల్లలకు దినమునకొక గంట ఆట విధిగా నేర్పఱచిన, రేపటి శస్త్రచికిత్సలు కొన్ని తప్పును. బరువు పెరిగినవారిని పరిహసింపక, తోడుగా ఆసుపత్రికి బోవు స్త్రీపురుషులను గ్రామమున కిద్దఱినైన ఈ సభ యేర్పఱచుగాక యని మా ప్రార్థన.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన కొబ్బరి, జీడి తోటలను నేలగూల్చెను. పడిన మ్రాకులను జూచి మన రైతులు సిగ్గుపడలేదు. మొద్దులు తొలగించి, మొక్కలు నాటి, కాపునకై యేండ్లకొలది వేచిరి. దేహమును అట్టి తోటయే. ఏటేట కాపాడినగాని నిలువదు. పడినను మరల నాటవచ్చును.