జ్వరం కన్నా జీతం కోతకే భయం

నేను డాక్టర్‌ను కాదు, డిప్లొమా చదివి దుబాయ్ వచ్చిన సైట్ సూపర్‌వైజర్‌ను. ఫ్లూ అంటే ఏందో డాక్టర్లు చెప్తరు. ఫ్లూ గురించి పైనుంచి వచ్చే మాటలు మన చెవిన ఎట్ల పడుతయో, అది నేను రోజూ పొద్దున టూల్‌బాక్స్ మీటింగ్‌లో చూస్తున్న.

2009 ముచ్చట పెద్దోళ్ళకు యాదికుంటది. ఆ ఏడు జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వైన్ ఫ్లూను మహమ్మారి అని ప్రకటించింది. మన దేశంలో మొదటి కేసు అంతకుముందే, మే నెలలో హైదరాబాద్‌లో బయటపడ్డది. పేరులో స్వైన్ ఉండేసరికి, పంది మాంసం ముట్టకుంటే చాలు అనుకున్నోళ్ళు ఎందరో. ఈజిప్టు సర్కారైతే దేశంలోని పందులన్నిటినీ చంపమన్నది. నిజానికి అది దగ్గుతోటి, తుమ్ముతోటి మనిషి నుంచి మనిషికి అంటుకునే రోగం. పేరే తప్పుదోవ పట్టిస్తే ఎన్ని పోస్టర్లు అంటించి ఏం లాభం?

టీకా వచ్చినంక ఇంకో తమాషా. చాలా దేశాల్లో దవాఖానల్లో పనిచేసేటోళ్ళే వేసుకోమన్నరు. తొందరల తయారుచేసిండ్రు, సరిగ్గ పరీక్షించిండ్రో లేదో అని వాళ్ళ అనుమానం. నేను వాళ్ళను తప్పుపట్టను. అడిగినదానికి జవాబు చెప్పకుండ ఆర్డరు కాగితం చేతిల పెడితే ఎవరైనా వెనకాడుతరు. కానీ నర్సే వెనకాడితే పేషెంటుకు ధైర్యమెక్కడిది?

ఇగ మన క్యాంపు సంగతి. జ్వరముంటే రూములోనే ఉండండి, దూరం పాటించండి అని గోడ మీద ఇంగ్లిష్, అరబీ, హిందీల రాస్తరు. ఒక్క రూములో ఆరుగురం, పైనొక మంచం కిందొక మంచం. దూరం ఎక్కడ పాటించాలె? రూములో ఉండు అన్న మాట మనకు 'ఇయ్యాల జీతం పోయింది' అన్నట్టే వినబడుతది. అందుకే పెనడాల్ మింగి బస్సెక్కుతం. మా సైట్‌లో ఒక తమ్ముడు ఒళ్ళు కాలిపోతుంటే కూడా "ఎండకు గట్లైంది సార్" అన్నడు. ఫ్లూ అంటుకుంటదని ఆయనకు తెలువకనా?

కాబట్టి ముందు జీతం మాట చెప్పాలె. యూఏఈ చట్టంలో ప్రొబేషన్ దాటినోళ్ళకు ఏడాదికి 90 రోజుల దాకా సిక్ లీవు ఉంది. మొదటి 15 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 30 రోజులకు సగం, మిగతావి జీతం లేకుండ. 3 పనిదినాల లోపల కంపెనీకి చెప్పాలె, డాక్టర్ కాగితం ఇయ్యాలె. ప్రొబేషన్‌లో ఉన్నోళ్ళకు జీతంతో సిక్ లీవు లేదు, అది కూడా దాచొద్దు. ఫ్లూ పోస్టర్ మీద ఈ ముచ్చట నేనైతే ఎక్కడా చూడలే.

సూది సంగతీ అంతే. "వేసుకున్న, అయినా జలుబొచ్చింది" అంటరు. ఫ్లూ సూది మామూలు జలుబును ఆపదు. పనిచేయడానికి రెండు వారాలు పడుతది. వైరస్ మారుతుంటది కాబట్టి ఏటా వేసుకోవాలె. చెయ్యి గుంజుడు, ఒకటి రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడుడు ఉండొచ్చని ముందే చెప్తే మనోళ్ళు తట్టుకుంటరు. చెప్పకుంటే, సూదితోటే ఫ్లూ వచ్చిందంటరు. అందులో బతికున్న వైరస్ ఉండదు, దానితో ఫ్లూ రాదు.

ఈసారి చలి మొదలుకాకముందే, అక్టోబర్‌లో, ప్రతి క్యాంపుల తెలుగు పోస్టర్ పెడదాం. మొదటి లైను సిక్ లీవు, రెండోది సూది. సూపర్‌వైజర్ అన్నలు జ్వరమున్నోన్ని ప్రశ్నలడగకుండ క్లినిక్‌కు పంపాలె. మైకు వెనక వరుసకు ఇస్తున్న, అడిగేదుంటే అడగండి.